నారింజ గులాబీకి ఉగాది కార్తీకంలోనే

ప్రశ్న: మాది బొబ్బిలి. కిందటి సంక్రాంతి ముందు వీధిలోకి వచ్చిన మొక్కల బండి దగ్గర నారింజ రంగు గులాబీ కొన్నాను. అప్పటికే దానికి అరచేయంత పువ్వులు రెండున్నాయి. మంచి వాసన. పెరట్లో పడమటి గోడ పక్కన నాటాను. ఉగాది దాకా బాగానే పూసింది. ఎండలు ముదిరాక పువ్వులు చిన్నవైపోయి, మీగడ రంగుకు వెలిసిపోయాయి. వాసన అసలు లేదు. వానలు పడ్డాక ఆకుల మీద నల్లమచ్చలు లేచి, పండి రాలిపోయాయి. ఇప్పుడు పాత కొమ్మ ఒక్కటే పచ్చగా ఉంది, మిగతావి కొసల నుంచి నల్లగా ఎండుతూ వస్తున్నాయి. మొదట్లోంచి మాత్రం కొత్త కొమ్మ ఒకటి నా ఎత్తున లేచింది. చిన్న చిన్న ఆకులు, ఒక్క మొగ్గ లేదు. మా అత్తగారు "ఇదేటే, ముల్లు తప్ప పువ్వు నేదు, పీకీసి నాటు గులాబీ ఎట్టు" అంటున్నారు. దసరాకి కత్తిరిస్తే పూస్తుందని పక్కింటివాళ్లు అంటున్నారు. కత్తిరించమంటారా, పీకేయమంటారా? మళ్లీ కొనాలంటే ఏ రకం అడగాలి? పాలకొండలో ఉన్న మా చెల్లికి ఒక కొమ్మ ఇవ్వొచ్చా?
— ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: పీకొద్దమ్మా. కత్తిరించడం కూడా ఇప్పుడే వద్దు. ఒక్క కొమ్మ పచ్చగా ఉన్నా చాలు, కార్తీకంలో చెట్టును లేపుకోవచ్చు. కానీ ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. మీ ఎత్తున లేచిందన్నారే, ఆ కొత్త కొమ్మను తీసేయాలి. ఎప్పటికైనా పూస్తుందని దానికి నీళ్లు పోస్తున్నట్టున్నారు. అది మీ నారింజ గులాబీ కాదు.

బండి మీద అమ్మే పెద్దపువ్వు గులాబీలు, మనం హైబ్రిడ్ అని పిలిచేవి, దాదాపు అన్నీ అంటు మొక్కలే. కింద వేరు ఒక మొండి అడవి గులాబీది, పైన కట్టిన కన్ను, అంటే కొత్త చివురు పుట్టే మొటిమ, మనకు కావలసిన రకానిది. మొదట్లో మట్టి కాస్త పక్కకు తీసి చూడండి. కాండం ఒకచోట ఉబ్బి, కొంచెం వంకర తిరిగి ఉంటుంది. అదే అంటు కట్టిన చోటు. దానికి పైన పుట్టిన కొమ్మ ఏదైనా మనది, కింద పుట్టింది ఏదైనా అడుగు మొక్కది. తొడిమకు ఏడాకులుంటే అడవిది, ఐదుంటే మంచిది అని ఒక లెక్క చెబుతుంటారు. దాన్ని నమ్ముకోకండి. బలంగా లేచిన మంచి కొమ్మకు కూడా ఏడేసి ఆకులు వస్తాయి. ఎక్కడ పుట్టిందో చూడటం ఒక్కటే గుర్తు.

అడుగు మొక్కకు బలం ఎక్కువ. వదిలేస్తే నీళ్లూ ఎరువూ తానే లాక్కుని, అద్దెకున్నవాళ్లను ఇంటాయన గెంటేసినట్టు పై రకాన్ని ఏడాది రెండేళ్లలో ఎండగట్టేస్తుంది. "మా ఎర్ర గులాబీ మారిపోయింది, గుత్తులుగా తెల్లటి చిన్నపువ్వులు పూస్తోంది" అని ఏటా ఎవరో ఒకరు రాస్తుంటారు. చెట్టు మారదు, పైది పోయి కిందది మిగులుతుంది.

తీసేటప్పుడు మట్టి మట్టానికి కత్తెరతో కోయకండి, అక్కడి నుంచే మరో నాలుగు లేస్తాయి. పుట్టిన చోటు కనిపించే దాకా మట్టి తీసి, చేతికి గోనెగుడ్డ చుట్టుకుని, కొమ్మను కిందికి లాగి మొదలంటా చీల్చేయండి. ఆ గాటు మీద కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడిని నీళ్లతో ముద్దగా కలిపి పూయండి. ఒక పూట ఆరనిచ్చి మట్టి కప్పేయండి.

తీసిన కొమ్మను పారేయకండి, మీ చెల్లి గులాబీ దాంట్లోనే ఉంది. నారింజ కొమ్మనే కోసి గుచ్చితే వేరు పట్టవచ్చు, పట్టకపోవచ్చు. పట్టినా ఈ రకాలు సొంత వేరు మీద చాలావరకు బక్కగానే ఉండిపోతాయి. అడవి కొమ్మ అలా కాదు. పెన్సిలంత లావున్న భాగాన్ని జానెడేసి ముక్కలు చేసి, కిందివైపు రెండు కళ్లు మట్టిలో ఉండేలా ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడలో ఉంచితే సులువుగా వేరు దిగుతుంది. తలకిందులుగా మాత్రం గుచ్చకండి. వచ్చే ఏడాది శీతాకాలానికి వాటికి కొత్త కాండం లావెక్కుతుంది. అప్పుడు మట్టికి బెత్తెడు ఎత్తులో, బెరడు మీద ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో గాటు పెట్టి, మీ నారింజ కొమ్మ నుంచి బెరడుతో సహా చెక్కిన కన్నును అందులోకి జార్చి, కన్ను మాత్రం బయటికి కనిపించేలా సన్నటి పాలిథీన్ పట్టీతో చుట్టాలి. పువ్వు పూసి అప్పుడే రాలిన కొమ్మ మీది కళ్లు బాగా పడతాయి. మూడు నాలుగు వారాలకు కన్ను పచ్చగా ఉంటే అంటు పట్టినట్టు, నల్లబడితే పోయినట్టు. పట్టిందనుకున్నాక పైనున్న అడవి కొమ్మను కోసేయాలి. నాలుగు మొక్కలకు కడితే ఒకటి రెండు దక్కుతాయనుకుని మొదలుపెట్టండి. కడియం, కడియపులంక వైపు నర్సరీల్లో ఈ పని చేసేవాళ్లను ఒక్కసారి దగ్గర నిలబడి చూస్తే, పుస్తకం చదివినదానికంటే తొందరగా చేతికి వస్తుంది.

ఇక రంగు, వాసన. మీ బండి అబ్బాయి మోసం చేయలేదు. సంక్రాంతి ముందు మీరు చూసిన పువ్వూ మే నెలలో చూసిన పువ్వూ ఒకే చెట్టువే, కాలం వేరు. నారింజ రంగు గులాబీల్లో చాలావాటికి ఆ రంగు ఒక్కటిగా ఉండదు. లోపల పసుపు, దాని మీద గులాబీ ఎరుపు, రెండూ కలిసి మన కంటికి నారింజ అవుతాయి. ఎండ మండే రోజుల్లో ఆ ఎరుపు సరిగ్గా తయారవదు. ఉన్న పసుపు కూడా పువ్వు విచ్చుకున్న పూటకే వెలిసిపోతుంది. మిగిలేది మీరన్న మీగడ రంగే. రాత్రిళ్లు 20 డిగ్రీల కిందికి దిగే మార్గశిరం, పుష్యం నెలల్లో అదే కొమ్మ మీద పువ్వు నిదానంగా విచ్చుకుంటుంది, రేకు పెద్దదవుతుంది, రంగు చిక్కబడుతుంది.

వాసన సంగతీ ఇంచుమించు ఇంతే. రేకుల్లో ఊరే నూనెలు గాలిలో కలిస్తేనే మన ముక్కుకు చేరతాయి. ఎండాకాలం మొగ్గ ఒక్క పూటలో విచ్చుకుని రేకులు వాల్చేస్తుంది. ఊరడానికి వ్యవధి లేదు, ఊరిందేదో ఎండకు ఎగిరిపోతుంది. చలికాలంలో కూడా మధ్యాహ్నం మూడింటికి వెళ్లి వాసన లేదంటే లాభం లేదు. పొద్దున్న మంచు ఆరి, ఎండ కాస్త వెచ్చగా తగిలే వేళ, సగం విచ్చిన పువ్వు దగ్గర ముక్కు పెట్టండి. ఇంకో మాట. ఎరుపు, గులాబీ రంగు పువ్వులకుండే అత్తరు వాసన నారింజ రకాల్లో వెతక్కండి. వీటిది ఎక్కువగా పండు వాసన, కొన్నింటిలో లవంగం ఘాటు ఉంటుంది. నాటు గులాబీ వాసనకు అలవాటుపడిన మీ అత్తగారికి ఇది వాసనలా అనిపించకపోవడంలో వింత లేదు.

నల్లమచ్చలు ఎందుకు వచ్చాయో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. మనం హైబ్రిడ్ అనే ఈ పెద్దపువ్వు గులాబీల పూర్తి పేరు హైబ్రిడ్ టీ. వాటిలో మొదటిదిగా చెప్పుకునే లా ఫ్రాన్స్ 1867లో ఫ్రాన్సులో పుట్టింది. అది గులాబీ రంగుది. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు వచ్చినవాటిలో ఎరుపులు, తెలుపులు, లేత మీగడ రంగులే తప్ప మంచి పసుపు గానీ నారింజ గానీ లేవు. లియాన్ నగరంలో పెర్నే దుషే అనే గులాబీల పెంపకందారు పర్షియన్ ఎల్లో అనే ముదురు పసుపు గులాబీతో ఏళ్ల తరబడి సంకరాలు చేసి, 1900లో సొలేయ్ దోర్ అనే రకాన్ని బయటికి తెచ్చాడు. ఆ తర్వాత వచ్చిన పసుపు, రాగి, నారింజ గులాబీల్లో చాలావాటి వంశం అక్కడికే వెళుతుంది. రంగుతో పాటు నల్లమచ్చ తెగులుకు లొంగే గుణం కూడా ఆ పర్షియా గులాబీ నుంచే దిగింది. పొడి దేశపు మొక్క అది. దాని మనవరాలిని తెచ్చి మనం ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా తడిసే గడ్డ మీద నాటుతున్నాం. అందుకే ఎరుపు రకాలు నాలుగు ఆకులు రాల్చే చోట నారింజది బోడి అయిపోతుంది.

మీ చెట్టు కింద రాలిన ఆకొకటి తీసి చూడండి. మచ్చ అంచు నున్నగా ఉండదు, పోగులు పోగులుగా చెదిరి ఉంటుంది, చుట్టూ ఆకు పసుపుగా మారుతుంది. అలా ఉంటే అది నల్లమచ్చే. ఈ శిలీంధ్రం ఆకులోకి దిగాలంటే ఆకు సుమారు ఏడు గంటలు తడిగా ఉండాలి. వానను మనం ఆపలేం, కానీ సాయంత్రం పైపు పట్టి ఆకుల మీద కొట్టే నీళ్లు ఆపగలం. నీళ్లు పొద్దున్నే, మొదట్లోనే పోయండి. రాలిన ఆకులను ఒక్కటి వదలకుండా ఊడ్చి కాల్చేయండి, కంపోస్టు గోతిలో వేయకండి. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి ఆకు పైనా అడుగునా తడిసేలా కొట్టండి. పది పన్నెండు రోజులకు మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు. ఈ రెంటినీ మార్చి మార్చి వాడండి. వచ్చే ఏడాది మాత్రం మచ్చ కనిపించే దాకా ఆగకండి, తొలకరి పడగానే మొదలుపెట్టండి. వానాకాలమంతా ఈ చెట్టు నుంచి పువ్వులు అడగకూడదు. ఆకు నిలబెట్టుకుంటే చాలు. ఆకు నిలిస్తే కొమ్మలో బలం నిలుస్తుంది, ఆ బలమే శీతాకాలంలో పువ్వు అవుతుంది.

ఇప్పుడు కత్తిరింపు. దసరాకి కత్తిరించాలన్న మాట పుస్తకాల్లో తప్పు కాదు. మన ఉత్తరాంధ్ర జిల్లాల్లోనే కుదరదు. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న, 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న తీరం దాటాయి. మూడు తుపాన్లూ ఒకే వారంలో. దసరాకి కత్తిరించిన కొమ్మకు అప్పుడే వేలెడంత లేత చివురు ఉంటుంది. తుపాను గాలికి అది విరుగుతుంది, నాలుగు రోజుల ముసురుకు కోసిన చోట కుళ్లు దిగుతుంది. సిరిమాను సంబరం అయిపోయి, దీపావళి కూడా దాటి, కార్తీక సోమవారాలు మొదలయ్యే దాకా కత్తెర లోపలే ఉంచండి. నవంబరులో తుపాను రాదని కాదు, వాతావరణ శాఖ ఏం చెబుతోందో చూసుకుని వారం ఆగితే పోయేదేమీ లేదు. ఈలోగా పెద్దగాలి వస్తోందని తెలిస్తే చెట్టు పక్కన వెదురుకర్ర పాతి, గుడ్డపేలికతో రెండుచోట్ల కట్టండి. సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లు తుపాను వెళ్లిన మర్నాడే మంచినీళ్లతో చెట్టంతా కడగాలి, ఉప్పుగాలి తగిలిన ఆకు రెండు రోజుల్లో మాడిపోతుంది.

కత్తిరించే రోజున ముందు ఎండిన కొమ్మల పని పట్టండి. కొసల నుంచి నల్లబడుతూ కిందికి దిగడాన్ని కొమ్మ ఎండు తెగులు అంటారు. నల్లగా ఉన్నంతమేర కోస్తే చాలదు. కోసిన చోట మధ్యలో బెండు చూడండి. గోధుమ రంగు చుక్క కనిపిస్తే తెగులు ఇంకా కిందికి ఉన్నట్టు, మరో అంగుళం దిగి కోయండి. తెల్లగా, తడిగా, లేత పచ్చ అంచుతో బెండు కనిపించే దాకా కోస్తూనే ఉండాలి. ఒక్కో కోతకు ముందు కత్తెరను స్పిరిటుతో తుడవండి. మీకు మిగిలిన పచ్చ కొమ్మను మాత్రం సగానికి నరకొద్దు, చెట్టుకు ఉన్న బలం అంతా అందులోనే ఉంది. మూడో వంతు తీసేస్తే చాలు, బయటివైపు చూసే కన్నుకు పావు అంగుళం పైన, ఏటవాలుగా. చెట్టు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు లావుపాటి కొమ్మలు నాలుగైదు ఉంచి, మోకాలి ఎత్తుకు కోసుకోవచ్చు. చలిదేశాల వీడియోలు చూసి జానెడు ఎత్తుకు నరికేవాళ్లున్నారు. మన ఎండకు అలా బోడి చేస్తే కొమ్మ మాడుతుంది. కోతల మీద మళ్లీ అదే కాపర్ ముద్ద.

కత్తిరించిన రోజు నుంచి 45, 50 రోజులకు పువ్వు. నవంబరు మొదటివారంలో కోస్తే క్రిస్మసు నాటికి తొలి పువ్వులు, వాడినవాటిని కోసేస్తే మరో ఆరేడు వారాలకు రెండో కాపు. అది రథసప్తమి దగ్గరికి వస్తుంది. అరసవల్లి రద్దీలో నలగకుండా స్వామి దాకా తీసుకెళ్లడం మీ నేర్పు. సంక్రాంతికే కావాలంటే కోత నవంబరు 25 ప్రాంతానికి జరపండి.

అదే రోజు చెట్టును పడమటి గోడ దగ్గర నుంచి మార్చేయండి. మధ్యాహ్నమంతా కాగిన గోడ రాత్రి దాకా వేడి కక్కుతుంది. మీ పువ్వు వెలిసిపోవడంలో దాని వాటా తక్కువేమీ కాదు. పొద్దుటి ఎండ ఆరు గంటలు తగిలి, మూడింటి తర్వాత ఏదో ఒక నీడ పడే తూర్పు పెరడు దీనికి సరైన చోటు. గాలి ఆడేలా చుట్టూ మూడడుగులు ఖాళీ ఉండాలి. ముందురోజు సాయంత్రం నిండుగా నీళ్లు పెట్టి, మర్నాడు చుట్టూ అడుగు దూరంలో గునపం దింపి మట్టిగడ్డతో లేపండి.

లేపాక ఆ గడ్డను పరీక్షగా చూడండి. ఈ సంగతి ఎవరూ చెప్పరు. బండి మొక్కలు దూరం రావాలి కాబట్టి వేళ్ల చుట్టూ జిగట బంకమట్టి ముద్ద పెట్టి ప్యాకెట్లో కడతారు. మనం ప్యాకెట్ చింపి ముద్దను అలాగే పాతేస్తాం. మీ ఎర్రనేలలో పోసిన నీళ్లు ముద్ద చుట్టూ జారి కిందికి పోతాయి. ఎండాకాలం ఆ ముద్ద లోపల ఇటుకలా గట్టిపడి పొడిగా ఉంటుంది, వానాకాలం తడిసి నెలల తరబడి ఆరదు. వేరు దాన్ని చీల్చుకుని బయటికి రాలేదు. ఏడాది కావస్తున్నా ముద్ద ఆకారం అలాగే ఉండి, బయటికి నాలుగు సన్నవేళ్లు మాత్రమే కనిపిస్తే మీ చెట్టు అసలు రోగం అదే. బకెట్టు నీళ్లలో అరగంట ముంచి, వేళ్లతో నెమ్మదిగా నొక్కుతూ పైపొర బంకను కరిగించండి. నడిమి భాగం జోలికి పోవద్దు, అక్కడి సన్నవేళ్లు తెగితే చెట్టు కోలుకోవడానికి నెల పడుతుంది.

గొయ్యి అడుగున్నర లోతు, అంతే వెడల్పు తవ్వండి. తీసిన ఎర్రమట్టికి సగం పాళ్లు బాగా మాగిన పశువుల గత్తం, రెండు గుప్పిళ్లు వేపపిండి, ఒక గుప్పెడు ఎముకల పొడి కలపండి. గత్తం మాగిందో లేదో చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. పేడ వాసన పోయి, నల్లగా పొడిపొడిగా రాలాలి. పచ్చిది వేస్తే వేరుపురుగును, చెదను మనమే పిలిచి కూర్చోబెట్టినట్టు. అంటు కట్టిన చోటు మట్టికి రెండంగుళాలు పైనే ఉండాలి. దాన్ని పాతేస్తే మళ్లీ అడవి కొమ్మ ఎక్కడ పుట్టిందో తెలుసుకోలేరు. మేడ మీద కుండీల్లో పెంచేవాళ్లకు కనీసం 14 అంగుళాల కుండీ కావాలి. ఉద్దానం వైపు కొబ్బరిపీచు పొట్టు చవగ్గా దొరుకుతుంది కదా అని కుండీ నిండా నింపకండి. మూడు నాలుగుసార్లు మంచినీళ్లలో కడిగి ఉప్పు వదిలించాకే, నాలుగో వంతుకు మించకుండా కలపండి. కుండీకైనా నేలకైనా వాటర్ ప్యూరిఫయర్ వదిలేసే నీళ్లు పోయవద్దు, వాటిలో ఉప్పులు పేరుకుని ఉంటాయి. ఉప్పుకు గులాబీ ఓర్చుకోదు.

ఎరువు, చెట్టు మార్చిన రోజునే కాదు. చివుళ్లు రెండంగుళాలు వచ్చాక మొదలుపెట్టండి. వందగ్రాముల వేరుశనగ చెక్క లీటరు నీటిలో నాలుగైదు రోజులు నానబెట్టి, పదింతలు నీళ్లు కలిపి, పదిహేను రోజులకోసారి చెట్టుకు ఒక లీటరు. నువ్వుల చెక్క అయినా పరవాలేదు. మూత పెట్టి దూరంగా ఉంచండి, ఆ కంపు ముందు పక్కింటివాళ్లకే తెలుస్తుంది. అంత ఓపిక లేనివాళ్లు నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే 19:19:19 ఎరువు లీటరుకు 2 గ్రాములు కలిపి పోసుకోవచ్చు. మొగ్గకు రంగు కనబడగానే ఏదైనా ఆపేయాలి. ఉల్లితొక్కల నీళ్లు, అరటితొక్కల నీళ్లు, గుడ్డుపెంకులు అంటూ ఫోన్లో రోజుకో చిట్కా వస్తోంది. చేటు చేయవు, కానీ వాటితోనే గులాబీ పూస్తుందంటే నేను నమ్మను. గుడ్డుపెంకు మట్టిలో కరగడానికి ఏళ్లు పడుతుంది. పాలూ చక్కెరా కలిపిన టీపొడిని కడగకుండా వేస్తే చీమలు మాత్రం తప్పకుండా వస్తాయి, చీమల వెనకే పిండినల్లి.

చలికాలంలో చూసుకోవలసినవి రెండే. మంచు పడే రోజుల్లో లేత ఆకు మీద తెల్లటి బూడిద కనిపిస్తే నీటిలో కరిగే గంధకం లీటరుకు 2 గ్రాములు, చల్లటి పూట కొట్టండి. మొగ్గ అంచులు గోధుమ రంగుకు తిరిగి విచ్చుకోకుండా ఆగిపోతే ఆ మొగ్గను తెల్లకాగితం మీద దులపండి. సన్నటి గీతల్లాంటి పురుగులు పరిగెడితే అవి తామర పురుగులు. ఆ మొగ్గలు తుంచి కాల్చి, వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బునీటితో వారానికోసారి కొట్టండి. అరచేయంత పువ్వు మళ్లీ కావాలంటే కొమ్మ చివర నడిమి మొగ్గ ఒక్కటే ఉంచి, పక్క మొగ్గలు శనగగింజంత ఉన్నప్పుడే గోటితో తుంచేయండి. ఇది చాలామందికి మనసొప్పదు. ఒప్పకపోతే మూడు చిన్న పువ్వులతో సరిపెట్టుకోవాలి.

మార్చి దాటాక వచ్చే మొగ్గలను రంగు తిరక్కముందే గిల్లేయండి. మొదట్లో ఎండాకులో కొబ్బరిపీచో రెండంగుళాల మందాన పరచండి, కాండానికి తగలకుండా. జీడిపిక్కల తొక్కు ఊరికే దొరుకుతుందని పలాస వైపు కొందరు అదీ వేస్తారు, దానిలోని నూనె చర్మాన్నే కాల్చేది, మొక్క దగ్గరికి తేవద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఆకు అడుగున ఎర్రనల్లి పడుతుంది, ఆకు దుమ్ము పట్టినట్టు వెలుస్తుంది. పొద్దున్నే ఆకు అడుగుకు గట్టిగా నీళ్లు కొడితే చాలావరకు పోతుంది. ఎండకు అప్పుడే ఆరిపోతుంది కాబట్టి ఆ రెండు నెలలూ ఆకు తడిపినా భయం లేదు.

కొత్తది కొనే మాట. బండి దగ్గరా చిన్న నర్సరీల్లోనూ "ఆరెంజ్ గులాబీ" తప్ప వేరే పేరు ఉండదు. పేరు రాసి అమ్మే చోట అయితే మూడు అడగండి. సూపర్ స్టార్, జర్మనీలో తాంటావ్ అనే గులాబీల పెంపకందారు 1960లో తెచ్చినది. మెరిసే నారింజ ఎరుపు, మంచి పండు వాసన. దాని ఎరుపు వేరే జాతి రంగు కాబట్టి ఎండకు మీదానిలా మీగడగా వెలవదు, కానీ చలికాలంలో బూడిద తెగులుకు తొందరగా లొంగుతుంది. ఫ్రాగ్రెంట్ క్లౌడ్ కూడా ఆ తాంటావ్‌దే. మూడింటిలో వాసన దీనిదే గాఢం. రంగు మాత్రం నారింజ కంటే ఇటుక ఎరుపుకు దగ్గర. జస్ట్ జోయీ 1972లో ఇంగ్లండులో వచ్చింది. రాగి నారింజ, అలలు తిరిగిన పెద్ద రేకులు. చలికాలంలో దాన్ని చూశాక మరోదాని మీద మనసు పోదు, ఎండాకాలంలో అదే అందరికంటే ముందు వెలిసేది. నన్నడిగితే బొబ్బిలి ఎండకు సూపర్ స్టార్, బూడిదకు కాస్త గంధకం దగ్గర పెట్టుకుని.

ఏ పేరు చెప్పినా పేరును నమ్మి కొనకండి. ఎర్ర మొగ్గ ఉన్న మొక్కకే సూపర్ స్టార్ చీటీ తగిలించడం మామూలే. డిసెంబరు, జనవరిల్లో, పొద్దున్న ఎనిమిది తొమ్మిది మధ్య వెళ్లి, విచ్చుకున్న పువ్వున్న మొక్కల దగ్గర ఒక్కోటీ వాసన చూసి తీసుకోండి. పువ్వు లేని మొక్క ఎంత గుబురుగా ఉన్నా వదిలేయండి. వానాకాలంలో వచ్చే బండి దగ్గర అసలు కొనొద్దు. అంటు కట్టిన చోటు నుంచి కనీసం రెండు లావుపాటి కొమ్మలు రావాలి, ఆ చోటు చుట్టూ బెరడు నల్లబడకూడదు. మీ అత్తగారి కోరిక ప్రకారం అక్కడే ఒక నాటు గులాబీ కూడా కొనండి. ఏడాది పొడవునా ఇంట్లో పూజకు అదే ఆదుకుంటుంది. మందు కొట్టే నారింజ చెట్టు పువ్వులు గుల్కందుకూ నోట్లోకీ పనికిరావు కాబట్టి ఆ అవసరానికీ అదే. రెంటినీ ఇంటికి తెచ్చిన వెంటనే నాటకండి. వారం రోజులు పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోట ప్యాకెట్లోనే ఉంచి, ఆకు రాలడం ఆగాక గోతిలో దింపండి.